కంట్రోల్ టవర్‌లో కొలువు: చిత్తూరు, తిరుపతి పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

రేణిగుంట విమానాశ్రయానికి రాకపోకలు పెరిగిన కొద్దీ, అక్కడి ఎత్తైన టవర్‌లో కూర్చుని విమానాలకు దారి చూపే ఉద్యోగం మీద మన రెండు జిల్లాల యువతలో ఆసక్తి పెరుగుతున్నదని ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలు చెబుతున్నాయి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ (ఏటీసీ) కావడానికి ఏం చదవాలి, ఎలా దరఖాస్తు చేయాలి, ఎంపికైన తరవాత ఏం జరుగుతుంది అని అడిగిన వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకుని, రాసినవారి పేర్లు ప్రకటించకుండా సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: నేను చిత్తూరులో బీఎస్సీ చదువుతున్నాను. ఏడాది పాటు తమ దగ్గర ఏవియేషన్ డిప్లొమా చేస్తేనే ఏటీసీ పరీక్ష రాయడానికి అర్హత వస్తుందని ఒక శిక్షణ సంస్థ వారు చెప్పారు. రుసుము లక్షన్నర రూపాయలు. మా నాన్న టమాటా పంట మీద అప్పు తెచ్చి అయినా కడతానంటున్నారు. ఆ డిప్లొమా నిజంగా తప్పనిసరా? — డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

సమాధానం: తప్పనిసరి కాదు. అప్పు కోసం ఎవరినీ అడగవద్దని మీ నాన్నగారికి ఈరోజే చెప్పండి.

మన దేశంలో పౌర విమానాలకు గగనతల నియంత్రణ సేవను అందించేది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన ఈ సంస్థను అందరూ ఏఏఐ అని పిలుస్తారు. రేణిగుంట విమానాశ్రయం పూర్తిగా ఆ సంస్థదే. శంషాబాద్, బెంగళూరు విమానాశ్రయాలను ప్రైవేటు కంపెనీలు నడుపుతున్నప్పటికీ, అక్కడ కూడా టవర్‌లో కూర్చుని పైలట్లతో మాట్లాడేది ఏఏఐ ఉద్యోగులే. రక్షణ దళాల స్థావరాల్లో ఆ పనిని దళాల వారే చూసుకుంటారు. అంటే పౌర విమానయానంలో ఈ ఉద్యోగానికి ఉన్న దారి ఒక్కటే, అది ఏఏఐ ప్రకటించే జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనే పోస్టు. ఎంపికైన వారికి శిక్షణను ఆ సంస్థే ఇస్తుంది. బయటి డిప్లొమాకు అర్హతలోనూ, మార్కుల్లోనూ స్థానం లేదు. ఇంటి పరిస్థితి తెలిసి కూడా పిల్లల ఆశను ఇలా సొమ్ము చేసుకునే వారి పట్ల ఈ శీర్షిక ఎన్నడూ మెతకగా ఉండదు.

ఇక అసలు అర్హత సంగతి. భౌతిక శాస్త్రం, గణితం రెండూ ఉన్న మూడేళ్ల రెగ్యులర్ బీఎస్సీ ఉండాలి, లేదా ఏ శాఖలోనైనా రెగ్యులర్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. ఇంజనీరింగ్ వారికి ఏదో ఒక సెమిస్టరులో భౌతిక శాస్త్రం, గణితం పాఠ్యాంశాలుగా ఉండి తీరాలి. మీ ఉత్తరంలో బీఎస్సీ అని మాత్రమే రాశారు గానీ ఏ గ్రూపో రాయలేదు. మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది అదే. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివినవారు లెక్కల్లో ఎంత దిట్టలైనా, డిగ్రీలో భౌతిక శాస్త్రం లేనందున ఈ పోస్టుకు అర్హులు కారు. గణితం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ గ్రూపు వారి పరిస్థితీ అంతే. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివామన్న మాట ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ప్రకటన అడిగేది డిగ్రీ స్థాయిలో చదివిన సబ్జెక్టులను. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు విధానం వచ్చింది గనుక, భౌతిక శాస్త్రం ప్రధానంగా తీసుకున్నవారు గణితాన్ని, గణితం ప్రధానంగా తీసుకున్నవారు భౌతిక శాస్త్రాన్ని మైనర్‌గా ఎంచుకుని, రెండు సబ్జెక్టుల పేర్లూ మార్కుల మెమోల్లో స్పష్టంగా కనబడేలా చూసుకోవాలి. ఇంటర్ పూర్తి చేసి ఈ వేసవిలో డిగ్రీలో చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క పేరా వారి చేత చదివించండి. మూడేళ్ల తరవాత దీన్ని సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

డిగ్రీలో ఉత్తీర్ణత చాలు, ప్రత్యేకంగా ఇంత శాతం రావాలన్న నిబంధన ఇటీవలి ప్రకటనల్లో లేదు. పదో తరగతిలో గానీ పన్నెండో తరగతిలో గానీ ఇంగ్లిషు ఒక సబ్జెక్టుగా ఉత్తీర్ణులై ఉండాలి. దూరవిద్యలో చేసిన డిగ్రీ పనికిరాదు.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. బీసీ-బి వర్గానికి చెందినవాడిని. తిరుపతిలో బీటెక్ పూర్తి చేసి ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. వయసు దాటిపోయిందని స్నేహితులు అంటున్నారు. ఇంకా అవకాశం ఉందా? పరీక్ష ఎలా ఉంటుంది? గేట్ రాయాలా? — ఇంజనీరు, తిరుపతి

సమాధానం: గరిష్ఠ వయోపరిమితి 27 సంవత్సరాలు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వారికి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీ వారికి ఐదేళ్లు సడలింపు ఉంది. వయసును దరఖాస్తులకు నిర్ణయించిన చివరి తేదీ నాటికి లెక్కిస్తారు. కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది, అయితే ఒక షరతు మీద. రాష్ట్ర ప్రభుత్వ అవసరాల కోసం మీ దగ్గర ఉన్న బీసీ కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందుగా చూసుకుని, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం నిర్దేశించిన నమూనాలో, క్రీమీలేయర్‌కు చెందరన్న వాక్యంతో కూడిన ధ్రువపత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి పొందాలి. ఈ పని ప్రకటన వెలువడిన తరవాత మొదలుపెట్టవద్దు. మీసేవలో దరఖాస్తు పెట్టడం, వీఆర్వో విచారణ, సంతకం, ఇవన్నీ ఎప్పుడూ ఒకే వేగంతో సాగవు, దరఖాస్తు గడువు మాత్రం సుమారు ఒక నెల. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల వారికి రిజర్వేషన్ ఉన్నప్పటికీ వయసులో సడలింపు లేదని కూడా ఈ సందర్భంలో ఆ వర్గం పాఠకులు గమనించాలి.

ఏఏఐ తన ఇంజనీరింగ్ విభాగాల పోస్టులను ఈమధ్య గేట్ మార్కులతో భర్తీ చేస్తున్నది గాని, ఏటీసీ పోస్టుకు గేట్‌తో సంబంధం లేదు. దీనికి వేరుగా కంప్యూటర్ ఆధారిత పరీక్ష ఉంటుంది. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 120 నిమిషాలు. గణితానికి 30, భౌతిక శాస్త్రానికి 30, ఇంగ్లిషుకు 20, తార్కిక సామర్థ్యానికి 15, సంఖ్యా సామర్థ్యానికి 15, జనరల్ నాలెడ్జ్‌కు 10. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. సగం మార్కులు డిగ్రీ స్థాయి గణితం, భౌతిక శాస్త్రాలవే కావడంతో, బ్యాంకు పరీక్షల పుస్తకాలు తిరగేసి వెళ్లినవారికి ఆ సగం కొరుకుడు పడదు. మీరు కాలేజీ వదిలి కొన్నేళ్లయింది కాబట్టి కలన గణితం, అవకలన సమీకరణాలు, సదిశలు, యాంత్రిక శాస్త్రం, విద్యుదయస్కాంతత్వం, కాంతి శాస్త్రం అన్న క్రమంలో మొదటి, రెండో సంవత్సరాల పాఠ్యపుస్తకాలనే మళ్లీ పట్టుకోవడం మంచిది. ఆ పుస్తకాల్లోని ప్రతి సూత్రానికీ ఒక చిన్న లెక్క చేసి చూసుకుంటే చాలు, నిమిషానికి ఒక ప్రశ్న వేగం దానంతట అదే వస్తుంది.

పోస్టుల సంఖ్య ఏటా ఒకేలా ఉండదు. 2023 నవంబరులో 496 పోస్టులకు, 2025 ఏప్రిల్‌లో 309 పోస్టులకు దరఖాస్తులు తీసుకున్నారు. రుసుము 1,000 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు రుసుము లేదు. ప్రకటన కోసం ఏఏఐ అధికారిక వెబ్‌సైట్‌లోని నియామకాల విభాగాన్నే చూడండి. వాట్సాప్‌లో తిరిగే ప్రకటనల్లోని లింకుల ద్వారా డబ్బు కట్టవద్దు.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. పది వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. బీటెక్‌లో మంచి మార్కులున్నాయి గానీ ఇంగ్లిషులో మాట్లాడాలంటే నోరు పెగలదు. రాత పరీక్ష నెగ్గినా వాయిస్ టెస్ట్‌లో తీసేస్తారని భయంగా ఉంది. విదేశీ యాసలో మాట్లాడడం నేర్చుకోవాలా? — బీటెక్ విద్యార్థిని

సమాధానం: అమ్మాయీ, విదేశీ యాస అవసరం లేదు. పలుకు స్పష్టంగా ఉందా, నత్తి ఉందా, ఎదుటివారికి మొదటిసారికే అర్థమవుతుందా అన్నదే వాయిస్ టెస్ట్‌లో చూస్తారు. ఇచ్చిన పాఠాన్ని చదివించి, కొంత మాట్లాడించి ఈ నిర్ణయానికి వస్తారు. దానితో పాటు ధ్రువపత్రాల పరిశీలన, మత్తు పదార్థాల పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష కూడా జరుగుతాయి.

ఈ ఉద్యోగంలో స్పష్టత మీద అంత పట్టుదల ఎందుకో తెలిస్తే మీ సాధన సరైన దారిలో పడుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది చనిపోయారు. అక్కడ కంట్రోలర్ చెప్పినది గాలిలోకి లేచాక ఏ మార్గంలో వెళ్లాలన్న అనుమతి మాత్రమే. అందులో టేకాఫ్ అన్న మాట దొర్లింది. ఒక విమానం టేకాఫ్‌కు అనుమతి రాకుండానే పరుగు తీసింది. ఆ తరవాత నుంచి ప్రపంచమంతటా, నిజంగా ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప కంట్రోలర్ నోట టేకాఫ్ అన్న మాట రాదు, మిగిలిన సందర్భాలన్నిటిలో డిపార్చర్ అనే అంటారు. మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం గాలిలో ఢీకొని 349 మంది మరణించారు. 15,000 అడుగుల వద్ద ఆగవలసిన కజక్ విమానం అంతకంటే కిందికి దిగిపోయింది. ఆ విమాన సిబ్బందికి ఇంగ్లిషు మీద ఉన్న పట్టు గురించి విచారణలో చర్చ వచ్చింది. ఇటువంటి అనుభవాల దరిమిలా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిషు ప్రావీణ్యాన్ని ఆరు స్థాయులుగా విభజించి, కనీసం నాలుగో స్థాయి ఉండి తీరాలని నిర్ణయించింది. నాలుగో స్థాయి వారికి మూడేళ్లకొకసారి, ఐదో స్థాయి వారికి ఆరేళ్లకొకసారి మళ్లీ పరీక్ష పెడతారు. ఆ ప్రమాణాల్లో ఉచ్చారణ గురించి చెప్పినప్పుడు కూడా, మాతృభాష ప్రభావం ఉండవచ్చు, అది అర్థానికి అడ్డు రాకూడదు అన్నదే సూత్రం.

మీరు ఇంట్లోనే చేసుకోదగిన సాధన ఒకటి చెబుతాము. రేడియోలో అంకెలను విడివిడిగా పలుకుతారు. రేణిగుంట రన్‌వే ఒక కొన 08, రెండో కొన 26. వాటిని జీరో ఎయిట్ అని, టూ సిక్స్ అని చదవాలి, ట్వంటీ సిక్స్ అనకూడదు. త్రీ అనే అంకెను ట్రీ అని, ఫైవ్‌ను ఫైఫ్ అని, నైన్‌ను నైనర్ అని పలుకుతారు, గరగరమనే రేడియోలో ఒక అంకె మరొకదానిలా వినబడకుండా. అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ పేర్లున్నాయి. మన దేశపు విమానాల మీద వీటీ అని మొదలయ్యే గుర్తును విక్టర్ టాంగో అని చదువుతారు. రోడ్డు మీద కనబడిన బస్సుల, లారీల నంబరు పలకలను ఈ పద్ధతిలో పైకి చదవండి. తరవాత ఒక తోబుట్టువును ఎదుట కూర్చోబెట్టి, నాలుగు అంకెలు, ఒక దిక్కు, ఒక ఎత్తు కలిసిన వాక్యం ఒకసారి మాత్రమే చెప్పించుకుని, చూసి రాసుకోకుండా తిరిగి అప్పగించండి. పైలట్ కంట్రోలర్ మాటను ఇలాగే తిరిగి అప్పగిస్తాడు, అందులో తప్పును పట్టుకోవడమే కంట్రోలర్ పని. తెలుగువారికి ఇంగ్లిషు మాట చివర అచ్చు చేర్చి సాగదీసే అలవాటు, కంగారులో వేగం పెంచే అలవాటు ఉన్నాయి. ఈ రెండింటినీ గమనించుకుంటూ రోజూ ఇంగ్లిషు పత్రికలో ఒక వార్తను పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. రాత పరీక్ష నెగ్గగలిగిన మీకు వ్యాకరణం కొత్త కాదు. అలవాటు కావలసినది మీ గొంతు మీకే వినిపించడం.

ప్రశ్న: నాకు దూరదృష్టి లోపం ఉంది, కళ్లద్దాలు వాడుతున్నాను. వైద్య పరీక్షలో నిలుస్తానా? — పుత్తూరు పాఠకుడు

సమాధానం: కళ్లద్దాలు అడ్డు కావు. కంట్రోలర్లకు వర్తించే మూడో తరగతి వైద్య ప్రమాణం ప్రకారం అద్దాలతో గాని, లేకుండా గాని ఒక్కో కన్ను 6/9, రెండు కళ్లూ కలిపి 6/6 చూపు ఉండాలి. రంగులను సరిగా గుర్తించలేకపోవడం మాత్రం నిజమైన అడ్డంకి. టవర్‌కు, విమానానికి మధ్య రేడియో పనిచేయనప్పుడు దీపం ద్వారా సంకేతాలు ఇస్తారు, నిలకడైన ఆకుపచ్చ వెలుతురు దిగడానికి అనుమతి, నిలకడైన ఎరుపు దిగకుండా చుట్టూ తిరుగుతూ ఉండమన్న ఆజ్ఞ. రంగుల చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పలకల పరీక్షను దగ్గరలోని కంటి వైద్యుని వద్ద చేయించుకుని, ఫలితం తెలిసిన తరవాతనే చదువు మొదలుపెట్టండి. వినికిడి పరీక్ష కూడా ఉంటుంది, కాబట్టి ఇయర్‌ఫోన్ల మోత తగ్గించండి.

ప్రశ్న: మా అమ్మాయి ఏటీసీకి ఎంపికైంది. శిక్షణ ఎక్కడ, ఎంత కష్టంగా ఉంటుంది? రాత్రి డ్యూటీలు ఉంటాయా? ఏడు లక్షలకు బాండు రాయాలంటున్నారు, అది ఏమిటి? కొన్నాళ్లకు తిరుపతికి బదిలీ చేయించుకోవచ్చా? — ఒక తండ్రి, పలమనేరు

సమాధానం: ముందుగా మీ అమ్మాయికి మా అభినందనలు.

శిక్షణ ప్రయాగ్‌రాజ్‌లోని పౌర విమానయాన శిక్షణ కళాశాలలో, లేదా ఏఏఐకి చెందిన గోందియా, హైదరాబాద్ శిక్షణ కేంద్రాల్లో జరుగుతుంది. వీటిలో ప్రయాగ్‌రాజ్ కళాశాల అన్నిటికంటే పాతది, 1948 నాటిది. మొదట వాతావరణ శాస్త్రం, దిశానిర్ణయం, విమానాల పనితీరు, గగనతల నియమాలు నేర్పి, ఆ తరవాత సిమ్యులేటర్ ముందు కూర్చోబెడతారు. తెర మీద విమానాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. రెండు విమానాల మధ్య ఎత్తులో 1,000 అడుగుల దూరమో, అది లేనప్పుడు రాడార్ మీద సాధారణంగా 5 నాటికల్ మైళ్ల దూరమో ఉండేలా వాటిని నడపాలి. ఒకదాన్ని సరిచేస్తుండగా రెండోది గుర్తుండాలి, మూడోదానికి జవాబివ్వాలి. కాలేజీలో మొదటి స్థానంలో నిలిచినవారు కూడా ఇక్కడ తొలివారాల్లో తడబడతారు. అమ్మాయి ఫోన్ చేసి నా వల్ల కాదు అని ఏడ్చిన రోజున, తిరిగి వచ్చెయ్యమని అనవద్దు. ఈ నైపుణ్యం రోజూ సిమ్యులేటర్ ముందు కూర్చున్న కొద్దీ పట్టుబడుతుంది.

శిక్షణ ముగియగానే ఒంటరిగా మైకు చేతికివ్వరు. నియమించిన విమానాశ్రయంలో, అనుభవం గల శిక్షకుని పక్కన కూర్చుని, ఆయన ఏ క్షణానైనా మైకు అందుకునే ఏర్పాటుతో, నిజమైన విమానాలతో మాట్లాడుతూ నేర్చుకోవాలి. తరవాత పరీక్ష నెగ్గితే ఆ స్థానానికి రేటింగ్, అంటే ఆ పనిని సొంతంగా చేసే అర్హత, వస్తుంది. టవర్‌లో రన్‌వే, దాని పరిసరాలు చూసే పనికి ఒక రేటింగ్, విమానాశ్రయానికి వచ్చిపోయే వాటిని వరుసలో పెట్టే అప్రోచ్ పనికి మరొకటి, ఎత్తున సాగిపోయే వాటిని చూసే ఏరియా కంట్రోల్‌కు ఇంకొకటి. మన రెండు జిల్లాల మీదుగా ఎత్తున వెళ్లే విమానాలను చూసేది చెన్నై కేంద్రం. రేటింగ్ ఒక చోటు నుంచి మరో చోటుకు దానంతట అదే వెంటరాదు. చెన్నైలో ఏళ్ల తరబడి పని చేసినవారైనా మరో విమానాశ్రయానికి మారితే, అక్కడి కొండలు, మార్గాలు, పద్ధతులు నేర్చుకుని మళ్లీ అర్హత పొందవలసిందే. ఆరు నెలలకు మించి ఆ పనికి దూరమైతే రేటింగ్ చెల్లదన్నది అంతర్జాతీయ నియమం.

రాత్రి డ్యూటీలు తప్పవు, పండుగ సెలవులు కూడా వంతుల ప్రకారమే. ఉగాదికి, గంగజాతరకు అమ్మాయి ఇంటికి రాలేని సంవత్సరాలు ఉంటాయని ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా ఈ సంగతి అవతలివారికి ముందే చెప్పడం మంచిది, దాచిపెడితే ఇబ్బంది పడేది అమ్మాయే.

బాండు గురించి మీకు చెప్పినది నిజమే. శిక్షణ తరవాత మూడేళ్లు సంస్థలో పని చేస్తానని, మధ్యలో మానేస్తే ఆ సొమ్ము చెల్లిస్తానని రాసే హామీ అది. చేరేటప్పుడు చేతి నుంచి కట్టవలసిన డబ్బు కాదు. సివిల్స్ వంటి ఇతర పరీక్షల ఆలోచన ఆమెకు గట్టిగా ఉంటే, సంతకం చేయకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మూలవేతన శ్రేణి 40,000 నుంచి 1,40,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం, ఇతర భత్యాలు కలుస్తాయి. అందువల్ల మూడేళ్ల షరతును మేము భారంగా భావించము.

బదిలీ విషయంలో తొందరపడవద్దు. దేశంలో ఎక్కడైనా పని చేయడానికి ఒప్పుకునే ఈ ఉద్యోగంలో చేరతారు. తొలి సంవత్సరాల్లో చెన్నై, ముంబై, ఢిల్లీ వంటి రద్దీ ఎక్కువ ఉన్న కేంద్రం దొరికితే దాన్ని అదృష్టంగా తీసుకోవాలి, ఎందుకంటే వరుసగా వచ్చే విమానాలను చూసి నేర్చుకునే పని చిన్న విమానాశ్రయంలో అంత త్వరగా రాదు. అప్రోచ్, ఏరియా రేటింగులు చేతికి వచ్చి, కొంత సీనియారిటీ కలిసిన తరవాత రేణిగుంటకు అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ ఖాళీ ఉంటేనే అది నెరవేరుతుంది.